ఎవరి ఊరట కొరకు ఈ మందు?

మన పట్టణములలో నర్సింగ్ హోమ్ అనగా, ఒక డాక్టరుగారు తల్లిదండ్రుల పేరనో ఇలవేల్పు పేరనో రెండంతస్తుల మేడలో పదియో ఇరువదియో మంచములు వేసి నడుపు చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పునకో, అపెండిక్స్ ఆపరేషనునకో, దిగని జ్వరమునకో పోయి, నాలుగు దినములుండి, నెమ్మదించిన పిదప బిల్లు చెల్లించి ఇంటికి వచ్చెడి చోటు. అమెరికా, కెనడా దేశములలో ఆ మాటకు అర్థము వేరు. తమ స్నానము తాము చేయలేనివారు, తమ ముద్ద తాము తినలేనివారు, ఒక్కొక్కప్పుడు కన్నబిడ్డల పేర్లు సైతము మరచినవారు, పలువురు తమ కడపటి దినము వరకు, నివసించు గృహమునకు అచ్చట నర్సింగ్ హోమ్ అని పేరు. మన దేశమున దానికి చేరువగా వచ్చు మాట వృద్ధాశ్రమము. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల శివారులలో నేడు అట్టి బోర్డులు ఎన్నియో కానవచ్చుచున్నవి. వానిలోని మంచములపైనున్న తల్లిదండ్రులలో అనేకుల బిడ్డలు ఆ నర్సింగ్ హోములున్న దేశములలోనే ఉద్యోగములు చేయుచున్నారు. కావున అక్కడి అనుభవము మనకు దూరపు సంగతి కాదు.

ఆ గృహములలో యాంటీబయాటిక్ మందుల వాడుక ఎట్లున్నదో అమెరికా ప్రభుత్వపు వ్యాధినియంత్రణ సంస్థయైన సీడీసీ లెక్క కట్టి చెప్పినది. ఒక సంవత్సరకాలములో అందలి నివాసులలో 70 శాతము వరకు ఒక్కమారైనను యాంటీబయాటిక్ పుచ్చుకొనుచున్నారు. అట్లు ఇయ్యబడినవానిలో 40 నుండి 75 శాతము వరకు అసలు అవసరమే లేనివి కావచ్చును, లేదా మందు ఎంపికలోనో, మోతాదులోనో, దినముల సంఖ్యలోనో తగనివి కావచ్చును. నర్సులు, వైద్యులు, ప్రయోగశాలలు, తనిఖీ అధికారులు అందరును ఉన్న సంపన్నదేశమున సంగతి ఇది. దీనికి కారణము అజ్ఞానమొక్కటియే యైనచో, ఈపాటికి అది తీరియుండవలసినది. నేను విశ్వసించునది వేరు: ఈ మందులలో పెద్దభాగము రోగి బాధకు కాక, రోగిని చూచుచున్నవారి కలతకు ఇయ్యబడుచున్నది. దూరమున నున్న కుమారునికి ఏదో ఒకటి చేసితిమను ఊరట, నిర్వాహకునికి తనపై నింద రాదను ధైర్యము, వైద్యునికి ఈ రాత్రి మరల ఫోను మ్రోగదను నెమ్మది, ఈ మూడును ఒక్క మాత్రలో ఇమిడియున్నవి. దానిని మ్రింగునది మాత్రము మంచములోని వృద్ధురాలు.

ఈ మాట నేను పుస్తకములు చూచి చెప్పుట లేదు.

మా మేనత్త 84 ఏండ్ల వయస్సున ఒక నగరపు శివారులోని ఆశ్రమమున ఉండెడివారు. ముప్పది యేండ్లకు పైగా ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు ఎక్కములు నేర్పిన మనిషి. కుమారుడు డాలస్ నగరమున ఉద్యోగి. ఆశ్రమమునకు పోయి యోగక్షేమములు చూచివచ్చు బాధ్యత నాది. ఒక వైశాఖమాసపు ఉదయమున ఆమె, ప్రతిదినము తనకు తల దువ్వి జడ వేయు ఆయాను, ఏనాడో గతించిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచి, కాఫీ వలదని గోడవైపునకు తిరిగి పరుండిరి. ఆయా మేనేజరుతో చెప్పెను. మేనేజరు డాలసునకు ఫోను చేసెను. అచ్చట అప్పటికి రాత్రి పది గంటలు. అతడు వెంటనే నాకు ఫోను చేసి, “బావా, అమ్మకి యూరిన్ ఇన్ఫెక్షనే అయ్యుంటుంది. ఇక్కడ ముసలివాళ్లు తికమకగా మాట్లాడితే ముందు అదే చూస్తారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టించు, ఆలస్యం వద్దు” అనెను. నేనును సరేనంటిని. మధ్యాహ్నమునకు ల్యాబు చీటీ వచ్చినది. పస్ సెల్స్ 15-20 అను చోట ఎర్రసిరాతో గీత గీసియున్నది. జ్వరమున్నదా యని ఎవరును చూడలేదు. మూత్రమునకు పోవునపుడు మంటగా నున్నదా యని ఎవరును అడుగలేదు. సాయంకాలమునకు మందుల షాపునుండి ఏడు దినములకు సరిపడు మాత్రలు వచ్చినవి.

నాలుగవ దినమున విరేచనములు పట్టుకొన్నవి. ఆరవ దినమునకు ఆమె మంచము దిగలేకపోయిరి. నేను పోయి చూడగా, మంచము ప్రక్కన స్టూలుపై స్టీలు గ్లాసు నిండుగా నీళ్ళతో, మూత పెట్టినది పెట్టినట్లే ఉన్నది. ఎప్పటి నీళ్ళివి అని అడిగితిని. ఆయా తల వంచుకొని మెల్లగా చెప్పిన మాట నేటికిని నా చెవిలోనే యున్నది: “మామ్మగారు నీళ్లు తాగరండీ. తాగితే రాత్రి బాత్రూమ్‌కి నన్ను లేపాల్సి వస్తుందని. రాత్రిళ్లు నేనొక్కదాన్నే కదండీ, ఇరవై రెండు మందికి.” సెలైను పెట్టుటకు వచ్చిన డాక్టరుగారు ఆశ్రమపు మందుల నోటుబుక్కును వెనుకకు తిరుగవేసి, తికమక కలుగుటకు పది దినములు ముందుగా నిద్ర పట్టుటకని క్రొత్త మాత్ర యొకటి ఆరంభించిన సంగతి కనుగొని, దానిని ఆపించిరి, యాంటీబయాటిక్‌ను కూడ ఆపించిరి. గంటకొకమారు నీళ్ళు, పలుచని మజ్జిగ చెంచాతో పట్టింపగా పట్టింపగా, నాలుగవ నాటి సాయంకాలము మా అత్త నన్ను చూచి, “ఎప్పుడొచ్చావురా? భోంచేశావా?” అని అడిగిరి.

ఆమె మతి తప్పించినవి వేసవి, దప్పిక, ఒక నిద్రమాత్ర. ఆమెను మంచము పట్టించినది మేము పంపించిన మందు.

ఆ ల్యాబు చీటీ అబద్ధము చెప్పలేదు. దానిని మేము తప్పుగా చదివితిమి. వయస్సు మళ్ళిన శరీరమున మూత్రాశయము పూర్వమువలె పూర్తిగా ఖాళీ కాదు. స్త్రీలలో ముట్లుడిగిన పిదప హార్మోనులు తగ్గి, సూక్ష్మజీవులను అదుపులో నుంచు సహజరక్షణ సన్నగిల్లును. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రమార్గమునకు అడ్డుపడును. ఈ కారణములచేత సూక్ష్మజీవులు మూత్రాశయమున కాపురముండుట వార్ధక్యమున సాధారణమగును. అవి ఉండుటచేత జ్వరము రాదు, మంట పుట్టదు, ఆయుర్దాయము తరుగదు. చూరుక్రింద గూడు కట్టిన పిచ్చుకలవలె తమ మానాన తాముండును. దీర్ఘకాలిక సంరక్షణ గృహములలోని వృద్ధస్త్రీలలో 25 నుండి 50 శాతము మందికి, పురుషులలో 15 నుండి 40 శాతము మందికి, ఏ బాధయు లేకయే మూత్రమున బాక్టీరియా కనబడునని దశాబ్దముల పరిశోధన చెప్పుచున్నది. మూత్రపు గొట్టము నెల దినములకు మించి ఉంచినచో అట్టివారిలో దాదాపు ప్రతి ఒక్కరి మూత్రమునను బాక్టీరియా ఉండును. బాక్టీరియా ఉన్నచోట చీముకణములు, అనగా ల్యాబు చీటీలోని పస్ సెల్స్, తోడుగా నుండుటయు మామూలే. మా అత్తకు ఆ సంఖ్య అంతకు ఆరు నెలల ముందు పరీక్షించినను అట్లే వచ్చియుండెడిదేమో.

వీనిని మందులతో తొలగించినచో మేలు కలుగునా యను ప్రశ్నకు కెనడా దేశపు వైద్యురాలు లిండ్సే నికోల్, ఆమె సహచరులు 1980ల దశకముననే సమాధానము చెప్పిరి. 1983లో వృద్ధపురుషులపై, 1987లో వృద్ధస్త్రీలపై వారు ప్రకటించిన పరీక్షలలో, బాధ లేని బాక్టీరియాకు మందు పుచ్చుకొన్నవారికిని పుచ్చుకొననివారికిని రోగములలో గాని మరణములలో గాని భేదము కనబడలేదు. స్త్రీలలో మందు పుచ్చుకొన్నవారికి మందు చెరుపులును, మందునకు లొంగని క్రొత్త సూక్ష్మజీవులును అదనముగా సంప్రాప్తించినవి. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘము 2005లో ఒకమారు, 2019లో మరొకమారు వెలువరించిన మార్గదర్శకములు ఇదే చెప్పుచున్నవి. రెండవమారు మరింత స్పష్టముగా, జ్వరము గాని మూత్రసంబంధమైన బాధ గాని లేని వృద్ధునికి మతి తడబడినపుడు వెంటనే యాంటీబయాటిక్ ఇయ్యక, ఇతరకారణములను వెదకుచు జాగ్రత్తగా కనిపెట్టి యుండుడని చెప్పినవి.

అట్లయిన, తికమక కనబడగానే మూత్రమును అనుమానించు అలవాటు ఇంత లోతుగా ఎట్లు నాటుకొన్నది? దీనికి మన పెద్దలు కాకతాళీయ న్యాయమని ఏనాడో పేరు పెట్టియే యుంచిరి. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఏకకాలమున జరిగినచో, కాకి వాలుటచేతనే పండు రాలెననుకొనుట. ఆశ్రమమున నలుగురు స్త్రీలలో ఒకరిద్దరికి ఎల్లవేళలను మూత్రమున బాక్టీరియా ఉండగా, వారికి ఏ కారణమున మతి తడబడినను పరీక్ష చేయించినచో బాక్టీరియా కనబడకపోదు. మాత్ర వేయుదురు, దానితోడనే నీళ్ళు త్రాగింతురు, నలుగురు చేరి పలుకరింతురు, సెలైను పెట్టుదురు, రెండు మూడు దినములలో తికమక తగ్గును, కీర్తి మాత్రకు దక్కును. ఆ విశ్వాసము నర్సునుండి నర్సునకు, కుమార్తెనుండి కుమార్తెకు సంక్రమించుచుండును. ఈ భ్రాంతి వలన కలుగు పెద్దనష్టము, నిజమైన కారణము వెదకకుండ పోవుట. క్రొత్తగా ఆరంభించిన మందు, మలబద్ధకము, పడిపోయి తలకు తగిలిన దెబ్బ, రక్తమున తగ్గిన సోడియము, పడిపోయిన షుగరు, పోగొట్టుకొన్న వినికిడి యంత్రము, ఆ గదిలో మొన్న చనిపోయిన తోటివృద్ధురాలి ఖాళీ మంచము, ఇవన్నియు మతిని కదిలింపగలవు. ఒక్క ల్యాబు చీటీ ఇన్ని ప్రశ్నల నోరు మూయించుచున్నది.

పోనిమ్ము, మేలు చేయకున్నను కీడు లేదుగదా యని చాలమంది అనుకొందురు. ముదిమివారి శరీరమున ఆ మాట చెల్లదు. మూత్రపిండముల శక్తి తగ్గియుండుటచేత మందు శరీరమున ఎక్కువకాలము నిలిచియుండును. అప్పటికే వాడుచున్న బి.పి., షుగరు, రక్తము పలుచనచేయు మాత్రలతో కలహించును. మన మందుల షాపులలో నిత్యము వినబడు సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు 60 ఏండ్లు దాటినవారిలో మడమ వెనుకనున్న స్నాయువు తెగిపోవు ప్రమాదమును పెంచునని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే మందు సమాచారపత్రమున నల్లగీతల చట్రములో హెచ్చరిక ముద్రింపించినది. షుగరు మాత్రలు వాడువారిలో ఆ జాతి మందులు రక్తమున చక్కెరను ప్రమాదకరముగా పడద్రోయగలవు. ఆ వంశములోనిదే యైన గాటిఫ్లాక్సాసిన్ ఆ దోషము అధికముగా కనబరచుటచేతనే మన ప్రభుత్వము దాని మాత్రలను, సూదిమందును 2011లో నిషేధించినది. ఇక ప్రేగులలోని మంచి సూక్ష్మజీవులు చచ్చుటచేత విజృంభించు క్లాస్ట్రిడియం డిఫిసిల్ అను బాక్టీరియా సంగతి మరింత ఘోరము. 2011వ సంవత్సరమున అమెరికాలో ఇంచుమించు ఐదు లక్షల మందికి అది సోకెననియు, సుమారు 29,000 మంది రోగనిర్ధారణ జరిగిన నెల దినములలోపల మరణించిరనియు లెక్కించిరి; ఆ మరణములలో అత్యధికములు 65 ఏండ్లు దాటినవారివే.

ఇంతకంటె నన్ను కలచివేసిన సత్యము మరొకటి కలదు. కెనడాలోని ఓంటారియో రాష్ట్రమున 607 నర్సింగ్ హోములలోని లక్షకు పైబడిన నివాసులను పరిశీలించి, నిక్ డేనిమన్ అను వైద్యుడును ఆయన సహచరులును 2015లో ఒక పత్రము ప్రకటించిరి. ఒక గృహమునకును మరొక గృహమునకును యాంటీబయాటిక్ వాడుకలో పదిరెట్లకు చేరువగా తేడా కనబడినది. వ్యాధులలో అంత తేడా ఉండుటకు వీలులేదు గనుక, ఆ తేడా అలవాటునది. వాడుక అధికముగా నున్న గృహములలో నివసించువారికి, తక్కువగా నున్న గృహములవారికంటె, మందుల వలన వచ్చు కీడు 24 శాతము అధికమని తేలినది. ఆ గృహములలో అసలు యాంటీబయాటిక్ పుచ్చుకొననివారికి సైతము ప్రమాదము పెరిగియుండెను. ఒక్క మాత్రయు మ్రింగనివాడు ప్రక్కమంచమువానికి ఇచ్చిన మాత్రలకు మూల్యము చెల్లించుచున్నాడన్నమాట. ఆశ్రమములో అందరిదియు ఒకే స్నానపుగది, అందరిని లేవదీయునవి అవే రెండు చేతులు. మందునకు లొంగని సూక్ష్మజీవి ఆ చేతుల మీదుగానే ఒక మంచమునుండి మరొక మంచమునకు నడచును. మా అత్తకు నేను సరేయని ఒప్పుకొన్న ఏడు దినముల మాత్రలలో ఆ తక్కిన ఇరువదియొక్క మందికి కూడ భాగమున్నదని నేను అప్పుడు ఎరుగను.

మార్గము లేదా యన్నచో, ఉన్నది, అదియు ఖర్చు లేనిది. కెనడాలోని హామిల్టన్ నగరపు వైద్యుడు మార్క్ లోబ్ నాయకత్వమున నిపుణులు 2001లో కొన్ని కనీసనియమములు కూర్చిరి. మూత్రపు గొట్టము లేని వృద్ధునికి మూత్రపు ఇన్ఫెక్షను అని యాంటీబయాటిక్ ఆరంభింపవలెనన్న, క్రొత్తగా మంట పుట్టియుండవలెను. లేదా జ్వరము 37.9 డిగ్రీల సెల్సియస్ దాటి, లేదా ఆ మనిషి మామూలు ఉష్ణోగ్రతకంటె డిగ్రీన్నర పెరిగి, దానితోపాటు క్రొత్తగా తరచు మూత్రము వచ్చుటయో, ఆపుకొనలేకపోవుటయో, పొత్తికడుపున నొప్పియో, మూత్రమున రక్తమో, నడుముప్రక్క నొప్పియో తోడుగా నుండవలెను. అంతే. థర్మామీటరు పెట్టుట, నోరు తెరచి అడుగుట, నొక్కి చూచుట చాలును. ఈ నియమములనే ఒక పటముగా గీసి, ఓంటారియోలోను అమెరికాలోని ఐడహో రాష్ట్రమునను 24 నర్సింగ్ హోములలో సగమునకు ఇచ్చి, సగమును వాని అలవాటున విడిచి చూడగా, నియమములు పాటించిన గృహములలో మూత్రపు ఇన్ఫెక్షను అనుమానముతో ఇచ్చు యాంటీబయాటిక్కులు గణనీయముగా తగ్గినవి. ఆసుపత్రి చేరికలలో గాని మరణములలో గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఈ ఫలితము 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నలున వెలువడినది.

ఎదుటిపక్షము మాట విననిదే నా వాదము పూర్తి కాదు. అదే జర్నలులో 2019లో ఇంగ్లండునుండి వచ్చిన ఒక పెద్ద పరిశీలన, మూత్రపు ఇన్ఫెక్షను ఉన్నదని వైద్యుడు నిర్ధారించిన 65 ఏండ్లు దాటినవారిలో యాంటీబయాటిక్ ఇయ్యనివారికిని, ఆలస్యముగా ఇచ్చినవారికిని రక్తమున విషము ప్రాకుటయు మరణములును హెచ్చుగా నుండెనని చూపినది. ఇది తోసివేయదగిన మాట కాదు. వృద్ధులలో ఇట్లు విషము ప్రాకు స్థితి, అనగా సెప్సిస్, గంటలలో ప్రాణము తీయగలదు. జ్వరము, వణుకు, ఎగఊపిరి, బి.పి. పడిపోవుట కనబడినపుడు మూత్రపు కల్చరు పరీక్ష ఫలితము వచ్చు వరకు మందు ఆపుమనువాడు వైద్యుడే కాడు. మన పల్లెలలో సకాలమున మందు అందకయే పోయిన పెద్దవారు ఎందరో కలరు. అందుచేత నేను కోరునది ఆలస్యము కాదు. రోగమున్నవానికి వెంటనే, తగిన మందు, తగినన్ని దినములు. రోగము లేనివానికి మందునకు బదులు మనిషి. కనిపెట్టి యుండుట అనగా ఊరకుండుట కాదు. నాలుగు గంటలకొకమారు జ్వరము చూచుట, నీళ్ళు త్రాగించుట, మలమూత్రములు గమనించి వ్రాయుట, రేపు ఉదయము మరల వచ్చి చూచుట. ఇది మాత్ర ఇచ్చుటకంటె కష్టమైన పని. ఇరువది రెండు మందికి ఒక్క ఆయా ఉన్న రాత్రివేళ ఇది సాధ్యము కాదు. కనుకనే మాత్ర గెలుచుచున్నది.

చివరి దినముల సంగతి చెప్పుటకు కలము వెనుకాడుచున్నది గాని చెప్పక తప్పదు. బోస్టన్ ప్రాంతమున 21 నర్సింగ్ హోములలో, మతిమరుపు వ్యాధి ముదిరి మంచమునకు అంటుకొనిపోయిన 214 మందిని ఏడాదిన్నర కాలము గమనించి 2008లో ప్రకటించిన పరిశోధనలో, మూడింట రెండువంతుల మంది యాంటీబయాటిక్ పుచ్చుకొనిరి. ఆ కాలమున మరణించినవారిలో పదిమందికి నలుగురికి పైగా కడపటి రెండు వారములలోనే పుచ్చుకొనిరి, అందులో గణనీయమైన భాగము సూదులతో. ఊపిరితిత్తుల జ్వరమునకు అట్టి చికిత్స కొన్ని దినములు ఆయువు పొడిగించినను, సుఖమును పెంచలేదని తరువాతి పరిశీలన తెలిపినది. ఏది మేలని ప్రతి కుటుంబమును తనకు తాను నిర్ణయించుకొనవలసినదే. కాని ఆ ప్రశ్న అడుగబడవలెను. సూది గ్రుచ్చిన చేతిని లాగుకొనుచున్న తండ్రిని ఇద్దరు పట్టుకొనుచుండగా, ఇది ఆయన కొరకా, మన కొరకా అని ఒక్కరైన నోరు తెరచి అడుగవలెను.

తెలుగువారికి ఈ మందులతో ఉన్న సంబంధము సామాన్యమైనది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు అధ్యక్షులై యుండగా, వారి సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ అను వయోవృద్ధుడైన శాస్త్రజ్ఞుడు మిస్సోరీ నేలమట్టినుండి పసిమివర్ణపు సూక్ష్మజీవిని వేరుచేసి, ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది. అది లోకమునకు వెల్లడియైన 1948వ సంవత్సరముననే సుబ్బారావుగారు కన్నుమూసిరి. తోడబుట్టినవానిని స్ప్రూ వ్యాధివలన కోల్పోయి, మందులు కనుగొనుటకే జీవితమును ధారపోసిన మనిషి కాలమున, చీము పట్టిన ప్రతి గాయమును మృత్యువునకు పిలుపే. ఆ భీమవరమునకు కొన్ని వందల మైళ్ళ దూరములోపలనే, హైదరాబాదు చెంత పటాన్‌చెరువున, మందుల కర్మాగారముల వ్యర్థజలములను శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో కనుగొనిరి. అది మందు పుచ్చుకొనుచున్న రోగి రక్తమునందుండు పాలును మించినది. నీటిలో వదలినను, నోటిలో వేసినను, అక్కరలేనిచోట పడిన ప్రతి మోతాదును సూక్ష్మజీవులకు పాఠము చెప్పుచునే యుండును. మందులకు లొంగని బాక్టీరియా కారణముగనే 2019లో లోకమున 12.7 లక్షల మంది మరణించిరని అంచనా.

ఇక చేయవలసిన పని. అమెరికాలో ప్రభుత్వ బీమా సొమ్ము పుచ్చుకొను ప్రతి నర్సింగ్ హోమును యాంటీబయాటిక్ వాడుకను గమనించి అదుపుచేయు ఏర్పాటు కలిగియుండవలెనను నిబంధన 2017 నవంబరు 28నుండి అమలులోనికి వచ్చినది. మన దేశమున 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము జిల్లాకొక ఆశ్రమమును గూర్చి, ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు పడకలను గూర్చి, ప్రత్యేకమైన క్యూలను గూర్చి చెప్పినది. ఆశ్రమమున వాడు మందుల మాట అందులో లేదు. 2014 మార్చి 1నుండి షెడ్యూల్ హెచ్1 క్రింద సిఫిక్సిమ్ వంటి మందులు అమ్మిన ప్రతిమారు మందుల షాపువాడు వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, పరిమాణము రిజిస్టరున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెనని నియమమున్నది. అమ్మినచోట రిజిస్టరు అవసరమైనపుడు, మ్రింగించినచోట అవసరము కాదా? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు వృద్ధాశ్రమములకు అనుమతి ఇచ్చునపుడు ఒక్క పుస్తకమును తప్పనిసరి చేయవలెను: ఎవరికి, ఏ నాడు, ఏ లక్షణము చూచి, ఎంత జ్వరమునకు, ఏ యాంటీబయాటిక్, ఎన్ని దినములు, ఎవరు వ్రాసిరి. దానిని జిల్లా వైద్యాధికారి ఏటికి రెండుమారులు చూడవలెను. దానితోపాటు రాత్రివేళ ఎంతమంది వృద్ధులకు ఎంతమంది ఆయాలుండవలెనో సంఖ్య నిర్ణయింపవలెను. రెండవది లేక మొదటిది నిలువదు. దప్పికగొన్న మనిషికి నీళ్ళిచ్చు చేయి లేనిచోట రిజిస్టరు కాగితమే యగును.

ప్రభుత్వము కదలునంతవరకు ఆగనక్కరలేనివారు బిడ్డలు. ఆశ్రమమునుండి ఫోను వచ్చినపుడు మొట్టమొదట యాంటీబయాటిక్ వేసిరా అని అడుగునది మనమే. అడిగిన కొడుకును కాదనలేక వ్రాయు డాక్టరును తప్పుపట్టుటకు ముందు మన ప్రశ్న మార్చుకొందము. జ్వరమెంత? నీళ్ళెన్ని త్రాగినది? విరేచనమైనదా? ఈ రెండు వారములలో క్రొత్త మాత్ర ఏమైన మొదలుపెట్టిరా? మూత్రము పోయునపుడు మంటయని అమ్మ చెప్పినదా? డాలసునుండియైనను, దిల్‌సుఖ్‌నగరునుండియైనను ఈ ఐదు ప్రశ్నలు అడుగవచ్చును. మీ తల్లిగారో తండ్రిగారో ఉన్న ఆశ్రమమునకు ఈ ఆదివారము ఫోను చేసినపుడు, గడచిన ఏడాదిలో వారికి ఎన్నిమారులు యాంటీబయాటిక్ ఇచ్చిరి, ఎందుకిచ్చిరి అని అడిగి, ఆ సమాధానమును ఒక కాగితముపై వ్రాసియుంచుడు.